గాజ్ గుడ్డ మీద ఎర్ర నూనె

పోయిన నెల మా జీపు బ్రేకులు చూపించడానికి జగదల్‌పూర్ వెళ్ళాను. డ్రైవరు వర్క్‌షాపు వాళ్ళతో మాట్లాడుతుంటే నేను బయట బల్ల మీద కూర్చుని వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచాను. రెండు పేజీలు చదివానో లేదో, పక్క గుంత మీద నిలబెట్టిన పాత కారు కింద నుంచి ఒక వాసన వచ్చింది. పోపు పెట్టి పొయ్యి ఆపడం మరిచిపోతే వంటిల్లంతా నిండుతుందే, ఆ మాడు వాసన. దాని అడుగున ఎక్కడో కొంచెం తీపి. పుస్తకం మూసేసి గుంత దగ్గరికి వెళ్ళాను. "గేరుబాక్సు నూనేనా భయ్యా? క్లచ్చి లేని బండేనా?" అని హిందీలో అడిగాను. గుంతలో ఉన్న మెకానిక్కు తలెత్తి నా చీరనూ, చేతిలో పుస్తకాన్నీ చూశాడు. "మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు. వాసన తెలుసన్నాను. ఎవరు నేర్పారో చెప్పలేదు. చెప్పాలంటే రూతమ్మ సిస్టర్ గురించి చెప్పాలి. గుంతలో నిలబడి మోచేతుల దాకా నూనెలో ఉన్న మనిషికి అంత తీరిక ఉండదు. మీకు ఉంటుందనుకుని రాస్తున్నాను.

రూతమ్మది పామేడు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరే అయినా, ఆమె పుట్టిన రోజుల్లో అక్కడికి ఏ మందూ వచ్చేది కాదు. రెండేళ్ళ పిల్లకు జ్వరం వచ్చి పోతూ పోతూ ఎడమ కాలిని తీసుకుపోయింది. వాళ్ళమ్మ ఆ పిల్లను వీపుకు కట్టుకుని చర్ల ఆసుపత్రి దాకా అడవిలో నడిచేదట, ఒకసారి కాదు, కాలు ఇక రాదని డాక్టర్లు తేల్చి చెప్పేదాకా. "మా అమ్మ వీపు మీద నుంచి నేను చూసినంత అడవి ఫారెస్టోళ్ళు గూడ చూసి ఉండరు" అనేది సిస్టర్. మిషన్ బడిలో చదివి, నర్సు అయి, ఇనుప గనుల ఊరు బచేలి దగ్గర ఒక ట్రస్టు నడిపే చిన్న డిస్పెన్సరీకి వచ్చింది. తొడ దాకా ఇనుప చట్రం, దానికి బిగించిన నల్ల బూటు. అడుగు వేస్తే ముందు ఇనుము చప్పుడు, తర్వాత ఆమె. ఊళ్ళలో కొందరు మొహం మీదే కుంటి సిస్టర్ అనేవాళ్ళు. ఆమెకు కోపం రాగా చూడలేదు. "కుంటిదాన్నే గాని, నా సూది మాత్రం నిటారుగ దిగుద్ది. ఇటు తిరుగు" అనేది.

ఇలాంటి మనిషి జగర్గుండా వైపు అడవి ఊళ్ళకు తనే బండి నడుపుకుంటూ వెళ్ళేదంటే నమ్మని వాళ్ళున్నారు. ఆమె నడిపింది మామూలు బండి కాదు. ఏ దేశంలోనో ఒక ముసలి డాక్టరమ్మ ఏళ్ళ తరబడి వాడి, చివరికి మా ట్రస్టుకు పంపించిన వ్యాను. గేర్లు వాటంతట అవే మారతాయి. క్లచ్చి ఉండదు కాబట్టి ఎడమ కాలితో పని లేదు. కుడి కాలు ఒక్కటి చాలు. బచేలి ఆటో స్టాండులో దాన్ని ఆడోళ్ళ బండి అని వెక్కిరించేవాళ్ళు. సిస్టర్‌కు మాత్రం అది బండి కాదు. తనకు పుట్టుకతో వచ్చి, దారిలో పోగొట్టుకున్న కాలు.

నేను అక్కడ అటెండరుగా చేరాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి గనుల్లో కాంట్రాక్టు కూలికి వచ్చినవాడు. ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాక నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ గనుల కంపెనీ టౌన్‌షిప్పులో ఒక లైబ్రరీ ఉంది. ఉద్యోగుల కుటుంబాలకే అని బోర్డు ఉన్నా, అక్కడి గుమాస్తా నన్ను ఎన్నడూ అడ్డగించలేదు. తెలుగు బీరువా రెండేళ్ళలో అయిపోయింది. హిందీ మొదలుపెట్టాను. అదీ సగమయ్యాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. నాకున్న చదువంతా ఆ గదిదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. సిస్టర్ నన్ను పేరు పెట్టి పిలిచింది చాలా తక్కువ. "ఏమే పుస్తకాలమ్మా" అనేది.

మొదటిసారి ఆ వ్యానులో ఆమె పక్కన కూర్చున్న ఉదయం గుర్తుంది. మందుల పెట్టెలు సర్దాం, తలుపులు మూశాం, ఇంజను మోగుతోంది. సిస్టర్ గేరు లివరును కిందికి జరిపి, బ్రేకు మీద కాలుంచి ఊరికే కూర్చుంది. "పోదామా సిస్టర్?" అన్నాను. "ఆగవే. ఇంకా పట్టుకోలే" అంది. ఏం పట్టుకోలేదో నాకు అర్థం కాలేదు. అంతలో బండి ఒళ్ళు చిన్నగా కదిలింది, నిద్రలో ఎవరో భుజం తట్టినట్టు. "ఇప్పుడు పట్టుకుంది" అని కాలు తీసింది. లోపల గేరు అందుకోకముందే తొక్కితే అరుగుతుందని, అరిగితే బాగుచేసేవాడు ఈ జిల్లాలో లేడని దారిలో చెప్పింది. రోగుల దగ్గరా అంతే. చెయ్యి పట్టుకుని, వాళ్ళు ఊపిరి వదిలేదాకా ఆగి, అప్పుడు సూది తీసేది.

ఒక ఎండాకాలం ఆ పట్టుకోవడం ఆలస్యం కావడం మొదలైంది. లివరు జరిపాక చాలాసేపు కూర్చోవలసి వచ్చేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తున్నా చక్రాలు బద్ధకంగా తిరిగేవి. బచేలిలో, కిరందుల్‌లో, దంతెవాడలో మెకానిక్కులు చూసి చేతులెత్తేశారు. "దీని పొట్ట మేం కొయ్యం సిస్టర్. లోపల ఏముందో మాకే తెలీదు" అన్నాడు ఒకాయన నిజాయితీగా. ఆ వారమే లైబ్రరీలో ఇంగ్లీషు బీరువా అడుగు అరలో, ఎవరో రిటైరైన ఇంజనీరు వదిలి వెళ్ళిన పుస్తకాల మధ్య నాకు అది దొరికింది. క్లచ్చి లేని గేరుబాక్సుల గురించి, బొమ్మలతో, ఇటుకంత లావు. పదేళ్ళుగా దాన్ని ఎవరూ తీసుకున్న గుర్తు లేదు. గుమాస్తా నా వైపు చూసి, "ఇది కథల పుస్తకం కాదమ్మాయ్" అన్నాడు. "తెలుసు సార్, కథలు అయిపోయాయి" అన్నాను.

మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. సిస్టర్ కట్లకు వాడే గాజ్ గుడ్డ ముక్కలు మడుస్తూ వినేది. ఇంజను తిరిగితే లోపలి పంపు తిరుగుతుంది. పంపు తిరిగితే ఎర్ర నూనె పారుతుంది. నూనె ఒత్తిడితోనే గేరు పట్టుకుంటుంది. వేడెక్కితే నూనె చస్తుంది, నూనె చస్తే గేరుబాక్సు చస్తుంది. ఇంత చెప్పడానికి నాకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆమె ఒక గుడ్డ ముక్క మడిచి పక్కన పెట్టి, "ఇది మలేరియా పాఠమే గదే. వేడి, నెత్తురు, పరీక్ష" అంది. ఆ రోజు నుంచి బండికి కూడా నెత్తురు పరీక్ష మొదలైంది. ఊళ్ళు తిరిగి రాగానే, ఇంజను వేడి మీద ఉండగానే, వరండా ముందు చదును నేల మీద నిలిపి, లివరును అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, ఇంజను ఆపకుండా నూనె మట్టం చూసే కొలకడ్డీ బయటికి లాగి, గాజ్ గుడ్డ మీద ఒక చుక్క అద్దేవాళ్ళం. మొదట రంగు చూడాలి, తర్వాత వాసన. కుళ్ళిన పుండును కట్టు విప్పకముందే వాసనతో కనిపెట్టే మనిషి ఆమె. కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. "చూడు, నువ్వు గూడ చూడు" అని నా ముక్కు ముందు పెట్టేది. మా నూనె అప్పటికే ఇటుక రంగుకు తిరిగింది, మాడు వాసన మొదలైంది.

మార్చాలి. అలాంటి నూనె ఇక్కడ దొరకదు. వైజాగ్ నుంచి కిరందుల్ వచ్చే పాసింజరు రైల్లో మా మేనమామ డబ్బాలు మోసుకొచ్చాడు. దారంతా సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా డబ్బాల మీద చెయ్యి వేసుకు కూర్చున్నానని చెప్పాడు. మెకానిక్కులు ముట్టుకోబోమన్నారు కాబట్టి వ్యానును గట్టు మీదికి ఎక్కించి మేమిద్దరమే కిందికి దూరాం. సిస్టర్ ఇనుప కాలు చక్రం పక్కన బయటికి పొడుచుకుని ఉంది. ఎదురుగా టీ కొట్టు బల్లల మీద మగవాళ్ళు చేరారు. "సిస్టర్, డెలివరీ ఎప్పుడు?" అని ఒకడు అరిచాడు. "నొప్పులు వస్తానయి. తండ్రెవరో చెప్పమంటవా?" అని కింద నుంచి ఆమె జవాబు. కొట్టంతా నవ్వు. అడిగినవాడు టీ సగంలో వదిలి పోయాడు.

అడుగున ఉన్న రేకు తొట్టి విప్పితే నల్లబడ్డ నూనె మా మోచేతుల మీదుగా కారింది. తొట్టిలో చిన్న అయస్కాంతం, దానికి బూడిదరంగు బురద. సిస్టర్ దాన్ని వేళ్ళ మధ్య నలిపి, "పుస్తకం ఏమంటాంది?" అంది. మెత్తటి బురదైతే మామూలు అరుగుదల, గుచ్చుకునే ఇనుప రజను ఉంటే ప్రమాదం అని చెప్పాను. "మెత్తగనే ఉంది" అంది. ఒక్కసారికి సగం నూనే దిగుతుంది, మిగతా సగం లోపలే ఉండిపోతుంది. అందుకని కొన్నాళ్ళు నడిపి మళ్ళీ దించాం, మళ్ళీ పోశాం. ఎక్కువ పోస్తే నురగ కడుతుందని పుస్తకం చెప్పింది, గరిటెడు గరిటెడు పోసి కొలిచాం. మెల్లగా వ్యాను మునుపటిలా పట్టుకోసాగింది. గుడ్డ మీద చుక్క దానిమ్మ గింజలా మెరిసేది. వరండాలో తీగకు వరుసగా తగిలించిన ఆ గుడ్డముక్కలు చూసి, ఎవరికి ఇంత నెత్తురు పోయిందని రోగులు అడిగేవాళ్ళు.

ఒకసారి సిస్టర్‌కే మలేరియా వచ్చింది. ట్రస్టు మేనేజరు జగదల్‌పూర్ నుంచి ఒక డ్రైవరును పంపాడు. అతను వ్యానుతో తిరిగొచ్చాక సిస్టర్ దుప్పటి కప్పుకునే వరండాలోకి వచ్చి గుడ్డ మీద చుక్క వాసన చూసింది. "ఏం బాబూ, కొండ ఘాటీ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టినవా?" అంది. "డీజిల్ మిగులుద్ది గదా సిస్టర్. ఇక్కడ అందరం అంతే దిగుతాం" అన్నాడతను, మంచి పని చేసినవాడిలా. అలా దిగితే లోపల నూనె చాలదని, ఈ గేరుబాక్సుకు అది పడదని నేను చెప్పబోయాను. సిస్టర్ నన్ను ఆపి, "లోపలి ఊళ్ళోళ్ళు ఎట్లున్నరు?" అని అడిగింది. తారురోడ్డు ఆగిపోయే కల్వర్టు దగ్గరే ఆపి, అక్కడ కనిపించిన వాళ్ళకు మందులిచ్చి వచ్చేశానన్నాడు. అవతల రోడ్డును అడవిలోని అన్నలు తవ్వేశారట, తనకు పిల్లలున్నారట. తప్పేమీ లేదు. ఎవరైనా అంతే చేస్తారు. ఆ కల్వర్టు దాటి వెళ్ళేది ఆమె ఒక్కతే. తవ్విన చోట పొలంలోకి దింపి, ఎవరు ఆపినా ఇనుప కాలు కిందికి పెట్టి, వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడి దాటేది.

అందుకే మేనేజరు వ్యానును అమ్మేద్దామన్నప్పుడు గొడవైంది. కొత్త జీపు ఇస్తాం, డ్రైవరును ఇస్తాం, మీరు స్టోరు చూసుకోండి, ఈ వయసులో ఈ కాలితో ఎందుకు అన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే ఆమె మీద జాలితో అన్నాడు. సిస్టర్ మందుల సీసాల మీద దుమ్ము తుడుస్తూ, "బండి నడిచినన్నాళ్ళు నేను పోత. అది ఆగిన రోజు మీరు ఎక్కడ కూసోమంటే అక్కడ కూసుంట" అంది. ఆయన ఒప్పుకున్నాడు. ముసలి బండి, ఎన్నాళ్ళు నడుస్తుందిలే అనుకున్నాడేమో. ఆ తర్వాత అది నాలుగు వానాకాలాలు చూసింది. ఘాటీ దిగేటప్పుడు చిన్న గేరులో, ఎక్కేటప్పుడు తొందర పెట్టకుండా, వెనక్కి పోవాలంటే పూర్తిగా ఆగాకే లివరు మార్చి నడిపేది. వ్యాను ఆగితే ఆ ఊళ్ళకు ఎవరూ పోరు. ఇది మాకిద్దరికీ తెలుసు, ఎన్నడూ పైకి అనుకోలేదు.

ఆ రోజు భాద్రపదం వాన. కల్వర్టు అవతల ఊరిలో జోగి అనే ఆమె కూతురు బుద్రికి మూడు రోజులుగా జ్వరం. మేం వెళ్ళేసరికి పిల్ల కళ్ళు తేలేస్తోంది, ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోతోంది. ఆరేళ్ళుంటాయేమో. సిస్టర్ సూది మందు వేసి, సెలైను పెట్టి, "ఆసుపత్రికి పోవాలె, ఇప్పుడే" అంది. పొద్దున దాటి వచ్చిన వాగు తిరిగి వెళ్ళేటప్పటికి పెరిగింది. మామూలుగానైతే సిస్టర్ ఆగేది. ఆ రోజు ఆగలేదు. సగం దాటాక ఒక అల బానెట్ మీదికి ఎగిరింది, ఇంజను నీళ్ళు మింగి ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఊరివాళ్ళు నడుము లోతు నీళ్ళలో దిగి వ్యానును అవతలి ఒడ్డుకు నెట్టారు. తాళం తిప్పితే ఇంజను కదల్లేదు.

కేకలు విని మాసా ట్రాక్టరు తోలుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల ట్రాక్టరున్నది అతనొక్కడికే. మడిలో దున్నుతున్నవాడు దున్నుతున్నట్టే వచ్చాడు, ట్రాలీ లేదు. ఆ వానలో, సెలైను సీసాతో, మూర్ఛల్లో ఉన్న పిల్లను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకు పోవడం కుదరదు. వ్యానునే లాగాలి. మాసా అప్పటికే తాడు విప్పుతున్నాడు. నేను సిస్టర్ పక్కకు వెళ్ళి, "ఇంజను ఆగి ఉంది. చక్రాలు నేల మీద తిరుగుతూ ఇంత దూరం లాగితే లోపల నూనె పారదు. గేరుబాక్సు కాలిపోతుంది. కింద షాఫ్టు విప్పేసి లాగాలి" అన్నాను. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే ఆ ఇనుప షాఫ్టును తీసేస్తే ఎంత దూరం లాగినా ఏమీ కాదు.

"తెలుసు. నువ్వే గదా చదివి చెప్పినవ్" అంది.

"నాలుగు బోల్టులు. పానాలు ఉన్నాయి. అరగంట చాలు సిస్టర్."

ఆమె పిల్ల దవడ కింద చెయ్యి పెట్టి చూసింది. మళ్ళీ మూర్ఛ వస్తోంది, పళ్ళు గిట్టకరుచుకుంటున్నాయి. జోగికి మా తెలుగు రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"అరగంట మనకుంది. ఈ పిల్లకు ఉందా?" అంది సిస్టర్. పానాల కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను చదివిన దేనిలోనూ ఆ లెక్క లేదు. ఆమె మాసా వైపు తిరిగి గోండీలో చెప్పింది, తాడు కట్టు, ఆపకుండా పో, ఎంత తొందరగా పోగలిగితే అంత.

వెనక నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసా ఎత్తి పట్టుకున్నాను. ముందు సిస్టర్ స్టీరింగు పట్టుకుంది. ఇంజను ఆగి ఉంటే బ్రేకు రాయిలా ఉంటుంది, ఉన్న ఒక్క కాలితో దాని మీద నిలబడి తొక్కేది. మాసా నిజంగానే వేగంగా లాగాడు. గుంతల్లో తాడు సడలి మళ్ళీ బిగిసినప్పుడల్లా మేమంతా ముందుకు తూలేవాళ్ళం. అతను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసి, చెయ్యి ఊపి, ఇంకా తొక్కేవాడు. కల్వర్టు దాటి తారురోడ్డు ఎక్కిన కాసేపటికి కాళ్ళ కింద నుంచి ఆ వాసన మొదలైంది. మొదట సన్నగా, తర్వాత వ్యాను నిండా. అద్దంలో సిస్టర్ మొహం కనిపిస్తోంది. ఒక్కసారి ఆమె ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత కిటికీ అద్దం దించింది. వాన లోపలికి కొడుతున్నా ఎత్తలేదు.

పొద్దు గుంకే వేళ బుద్రి పోయింది. ఆసుపత్రి వాళ్ళు లోపలికి తీసుకుని అన్నీ చేశారు, వంక పెట్టలేం. జబ్బు మెదడుకు ఎక్కిందని, నిన్ననే తేవలసిందని డాక్టరు చెప్పాడు. అరగంట ముందో వెనకో అయితే ఏమయ్యేదని నేను అడగలేదు. శవాన్ని పంపే బండి ఆ రోడ్డుకు రాదన్నారు. మా వ్యాను ఆసుపత్రి గేటు పక్కన వంగి నిలబడి ఉంది. మాసా ఇంకా అక్కడే ఉన్నాడు. జోగి అతని పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది, బిడ్డను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. బతికుండగా అలా తేలేమనుకున్నాం. తిరిగి అలాగే వెళ్ళింది. సిస్టర్ గేటు దగ్గర నిలబడి, ట్రాక్టరు చప్పుడు వినిపించినంతసేపూ ఉంది.

ఇంజనును కిరందుల్ మెకానిక్కు బాగు చేశాడు. వరండా ముందు సిస్టర్ ఎక్కి కూర్చుని తాళం తిప్పింది. బాగానే మోగింది. లివరు జరిపి, బ్రేకు మీద కాలుంచి ఆగింది. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఎదురుచూశాం. టీ కొట్టులో వాళ్ళు కూడా మాటలు ఆపి చూస్తున్నారు. వెనక గేరు వేసింది, మళ్ళీ ముందు గేరు వేసింది. ఏ గేరులోనూ ఆ చిన్న కుదుపు రాలేదు. "పట్టుకుంటలే" అని ఇంజను ఆపేసింది. నేను కడ్డీ తీసి గుడ్డ మీద అద్దాను. నల్లటి మరక, అందులో మెరిసే రజను. వేలికి గుచ్చుకుంది. సిస్టర్ ఆ గుడ్డను తీగకు తగిలించలేదు. మడిచి, వాడిన కట్లు వేసే డబ్బాలో పడేసింది.

కొన్నాళ్ళకు మాసా వచ్చాడు, చంకలో ఒక కోడి పెట్టుకుని. బండి ఎలా ఉందో చూడ్డానికి వచ్చానన్నాడు. కదలకుండా ఉన్న వ్యాను చుట్టూ తిరిగి, టైరును కాలితో తట్టి, "నేను లాగినప్పుడు ఏమన్నా తగిలిందా సిస్టర్?" అని అడిగాడు. అతని గొంతులో భయం ఉంది. సిస్టర్ బూటు పట్టీలు బిగించుకుంటూ, "నువ్వు మంచిగ లాగినవ్. అది ముసలిదైంది, దానికే చేతగాకచ్చింది. నాలెక్కనే" అంది. మాసా నవ్వాడు. కోడిని వదిలి వెళ్ళాడు.

అతను గేటు దాటేదాకా ఆగి, ఎందుకలా చెప్పారని అడిగాను.

"మాసాకు చెప్పకు. ఎవ్వరికీ చెప్పకు" అంది.

"నిజమే కదా సిస్టర్. తెలిస్తే ఇంకోసారి..."

"ఇంకోసారి ఏంది? ఇసుంటి బండి ఈ అడవికి ఇంకోటి వస్తదా? రేపు మామూలు జీపు ఆగుద్ది, లోపల ఎవరో ఒకరు ఉంటరు. అప్పుడు వీడు తాడు తియ్యకముందు ఆలోచిస్తడు, పోయినసారి లాగితే పాడైందంట గదా అని. వాడు ఆలోచించొద్దు."

నేను చదివిన ఏ విషయాన్నయినా ఎవరికైనా చెప్పకుండా ఉండలేనని ఆమెకు తెలుసు. అందుకే నా చెయ్యి పట్టుకుని, నేను ఊపిరి వదిలేదాకా వదల్లేదు.

మాట ప్రకారం ఆమె స్టోరులో కూర్చుంది. జీపు వచ్చింది, డ్రైవరు వచ్చాడు, కల్వర్టు దాకా వెళ్ళి వచ్చేవాడు. నేనూ అతనితోనే వెళ్ళేదాన్ని. కల్వర్టు దగ్గర దిగి నడిచి వెళ్ళగలిగినంత దూరం వెళ్ళేదాన్ని. అది చాలేది కాదు. ఒక వేసవిలో జోగి చిన్న కొడుకును వీపుకు కట్టుకుని డిస్పెన్సరీకి నడిచి వచ్చింది. మందు తీసుకున్నాక, "బండి రావట్లేదేం?" అని అడిగింది. సిస్టర్ మాత్రలు పొట్లం కడుతూ, "బండి లేదు" అంది. జోగి తల ఊపి, పిల్లాణ్ణి మళ్ళీ వీపుకు కట్టుకుంది. సిస్టర్ ఆ వీపును చాలాసేపు చూసింది. ఆమెకు తెలిసిన వీపే.

స్టోరులో కూర్చున్న మనిషి తొందరగా తగ్గిపోయింది. సుగరు ముదిరింది, మంచి కాలి మీద పుండు లేచింది. వాసన తనే ముందు పట్టింది, నాకు చెప్పలేదు. ఆమెను బచేలి శ్మశానంలో పూడ్చిన రోజు లోపలి ఊళ్ళ నుంచి జనం వచ్చారు. మాసాయే తీసుకొచ్చాడు. ఈసారి ట్రాలీ తగిలించుకుని వచ్చాడు. దాని నిండా మనుషులు నిలబడి ఉన్నారు.

ఇప్పుడు జగర్గుండాకు తారురోడ్డు పడింది. కల్వర్టు ఎక్కడుండేదో కొత్తవాళ్ళకు చూపించినా తెలియదు. మా జీపు నేరుగా ఊళ్ళలోకి పోతుంది. నేను డ్రైవరు పక్కన కూర్చుని, బండి కదలకముందు అలవాటుగా ఒక క్షణం ఆ కుదుపు కోసం చూస్తాను. క్లచ్చి ఉన్న బండిలో అది రాదు. సంతలో మాసా కనిపిస్తుంటాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే పక్కన కల్లు తాగుతున్నవాళ్ళను పిలుస్తాడు. "సిస్టర్ బండిని వాగు దగ్గర నుంచి ఆసుపత్రి దాకా తాడేసి లాగింది నేనే. అబద్ధమైతే ఈ దీదీని అడగండి" అంటాడు. అందరూ నా వైపు తిరుగుతారు. పంపు, నూనె, షాఫ్టు, నాలుగు బోల్టులు, చదివినదంతా వరుసగా వచ్చి నాలుక మీద నిలబడుతుంది.

"అవును, నువ్వే లాగావు" అంటాను. "మెల్లగా, జాగ్రత్తగా లాగావు."